విమానంలో తీరం బాగా కనిపించే కిటికీ సీటు ఎంచుకోవడం ఎలా

కిటికీ సీటు దొరికినంత మాత్రాన తీరం కనిపిస్తుందని లేదు. ఎడమ కిటికీల్లో ఇసుక తిన్నెలు, నురగ గీతలు, నది మొగలు బారులు తీరి కనిపిస్తున్న సమయంలోనే కుడివైపు వాళ్లకు నీలం రంగు తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. సరైన వైపే కూర్చున్నా, కింద పరుచుకున్న రెక్క మొత్తం దృశ్యాన్ని మింగేయొచ్చు. రెక్క తప్పినా ఎండ ఎదురుగా కొడితే సముద్రం వెండి రేకులా మెరిసిపోయి లోతుల రంగులు తెలియవు. కాబట్టి ముందు వైపు, తర్వాత వరస, ఆపైన వేళ తేల్చుకోవాలి. ఎక్కువమంది నేరుగా వరస చూసుకుని సీటు కొనేస్తారు. వైపు తప్పితే మిగతా రెండూ ఎంత సరిగ్గా కుదిరినా లాభం లేదు.

1. చూడాల్సింది సముద్రాన్నా, తీరాన్నా?

"సముద్రం ఉన్న వైపు కూర్చోవాలి" అన్న మాట అన్నిసార్లూ నిజం కాదు. కంటికి పండగ చేసేది నడి సముద్రం కాదు, నేల నీళ్లను కలిసే గీత. విమానం నేల మీదుగా, తీరానికి సమాంతరంగా వెళ్తుంటే ఆ గీత సముద్రం వైపు కిటికీల్లో కనిపిస్తుంది. అదే విమానం తీరం దాటి నీళ్ల మీదుగా వెళ్తుంటే గీత నేల వైపు కిటికీల్లోకి మారిపోతుంది. అప్పుడు సముద్రం వైపు కూర్చున్నవాళ్లకు దక్కేది ఖాళీ నీళ్లే. తీరానికి పది కిలోమీటర్లు ఇటు వెళ్తుందా, అటు వెళ్తుందా అన్న దాని మీదే సీటు అక్షరం ఆధారపడుతుంది.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద జెట్ విమానం 35,000 అడుగుల ఎత్తులో, అంటే సుమారు 10.7 కిలోమీటర్ల పైన ఎగురుతుంది. అక్కడి నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న తీరాన్ని చూడాలంటే చూపును 45 డిగ్రీలకు కాస్త ఎక్కువగా కిందికి వంచాలి. 20 కిలోమీటర్ల దూరానికి 28 డిగ్రీలు, 30 కిలోమీటర్లకు 20 డిగ్రీలు చాలు. మెడ నొప్పి లేకుండా, వివరం పోకుండా చూడటానికి 10 నుంచి 30 కిలోమీటర్ల మధ్య దూరం చాలా అనువు. ఆ ఎత్తు నుంచి లెక్క ప్రకారం దిగంతం దాదాపు 370 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది గానీ, 50, 60 కిలోమీటర్లు దాటితే గాలిలోని మసకలో తీరం లేత బూడిద గీతగా కరిగిపోతుంది. సరిగ్గా విమానం కింద ఉన్నదైతే ఏ కిటికీలోంచీ కనిపించదు. అందుకే విమానం తీరం మీదుగానే వెళ్తుందని సంబరపడనక్కర్లేదు. కాస్త పక్కగా వెళ్లడమే మేలు.

2. విమానం నిజంగా వెళ్లే దారి చూడండి

మ్యాపు మీద రెండు ఊళ్ల మధ్య గీత గీసి వైపు నిర్ణయించకండి. విమానాలు నిర్ణీత మార్గాల్లో, వాతావరణాన్ని బట్టి, నిషేధిత గగనతలాన్ని తప్పించుకుంటూ వెళ్తాయి. దూర ప్రయాణాల్లో అతి దగ్గరి దారి చదునైన మ్యాపు మీద పెద్ద వంపుగా కనిపిస్తుంది.

విమానాలు వెళ్లే దారుల్ని చూపే ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్ సైట్లలో మీ ఫ్లైట్ నంబరు కొట్టి, గత కొన్ని రోజుల ప్రయాణాలు తెరవండి. ఒక్క రోజుది చూసి ఆగిపోకుండా నాలుగైదు రోజులవి చూడండి. మూడు సంగతులు రాసుకోండి: దారి మధ్యలో తీరానికి ఏ వైపున, ఎంత దూరంలో వెళ్లింది, బయలుదేరాక ఎటు తిరిగింది, దిగే ముందు చివరి 40 కిలోమీటర్లు ఎలా వచ్చింది.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాపును వేళ్లతో తిప్పి, విమానం వెళ్లే దిక్కు తెర పైభాగానికి వచ్చేలా పెట్టండి. తెర ఎడమవైపు ఏముందో ఎడమ కిటికీలో అదే ఉంటుంది. "పడమటి తీరం, ఉత్తరానికి ప్రయాణం, అంటే ఏ వైపు?" అని మనసులో తిప్పుకుంటేనే చాలామంది తడబడతారు. మ్యాపును తిప్పితే ఆ తికమక ఉండదు.

ముక్కు వైపు చూస్తూ కూర్చున్నప్పుడు ఎడమ కిటికీ దాదాపు ఎప్పుడూ ఎ. ఒకే నడవా ఉండి మూడు, మూడు సీట్లున్న విమానాల్లో కుడి కిటికీ ఎఫ్. రెండు నడవాల పెద్ద విమానాల్లో కుడి కిటికీకి ఎక్కువగా కె అని, కొన్నిటిలో జె లేదా ఎల్ అని పెడతారు. 1 అంకెలా కనిపిస్తుందని ఐ అక్షరాన్ని సాధారణంగా వదిలేస్తారు. ఎయిర్‌బస్ ఎ220లో ఎడమవైపు రెండే సీట్లు, కుడివైపు మూడు. ఎడమ కిటికీ దగ్గర ఒక్కరే పొరుగు ఉంటారు, లేచి తిరగడం తేలిక.

తిరుగు ప్రయాణానికి అదే అక్షరం బుక్ చేయడం మామూలుగా జరిగే పొరపాటు. వెళ్లేటప్పుడు ఎ మంచిదైతే, అదే దారిలో వచ్చేటప్పుడు ఎఫ్.

3. దిగే ఇరవై నిమిషాలే అసలు ప్రయాణం

సీటు వైపు తేల్చడానికి ఒక్క భాగాన్నే చూసే వీలుంటే దిగే భాగాన్నే చూడండి. విమానం చివరి దశలో దాదాపు 3 డిగ్రీల వాలులో దిగుతుంది. రన్‌వేకు 40 కిలోమీటర్ల దూరంలో ఎత్తు సుమారు 2 కిలోమీటర్లు, 18 కిలోమీటర్ల దూరంలో దాదాపు 3,000 అడుగులు. ఆ ఎత్తులో పడవల వెనక నీటి చారలు, అలలు విరిగే చోటు, ఉప్పుటేరు మలుపులు విడివిడిగా తెలుస్తాయి. పైన గంటసేపు చూసినదానికంటే ఇక్కడ పది నిమిషాల్లో కనిపించేది ఎక్కువ.

ఏ రన్‌వే వాడతారన్నది గాలిని బట్టి ఉంటుంది. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, గాలికి ఎదురుగానే లేస్తాయి. రన్‌వే నంబరును పదితో గుణిస్తే విమానం ముక్కు ఏ దిక్కున ఉంటుందో వస్తుంది: 04 అంటే ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకు దాదాపు 40 డిగ్రీలు, ఈశాన్యం, 22 అంటే 220 డిగ్రీలు, నైరుతి.

ఫ్రాన్స్‌లోని నీస్ విమానాశ్రయం దీనికి చక్కని ఉదాహరణ. రన్‌వేలు తీరం వెంటే పడుకుని ఉన్నాయి. 04 వైపు దిగే విమానం సముద్రం మీదుగా ఈశాన్యానికి వస్తుంది, ఆంతీబ్ అగ్రం, తీరం అంతా ఎడమ కిటికీల్లో. గాలి మారి 22 వాడిన రోజున అదే తీరం కుడి కిటికీల్లోకి వెళ్లిపోతుంది. సిడ్నీలో ఉత్తరం నుంచి వచ్చి రన్‌వే 16 మీద దిగితే హార్బరు, వంతెన ఎడమవైపు కనిపిస్తాయి. దక్షిణం నుంచి 34 మీద దిగితే బాటనీ బే మీదుగా నేరుగా వచ్చేస్తారు, హార్బరు ఆ చివరి దారిలో రాదు. లాస్ ఏంజెలిస్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పగలు దిగేవి ఊరి మీదుగా వస్తాయి, లేచేవి నేరుగా పసిఫిక్ మీదికి వెళ్తాయి. అక్కడ తీరం కోసం దిగే సీటు కంటే లేచే సీటు మీద శ్రద్ధ పెట్టాలి.

రన్‌వే తీరానికి అడ్డంగా ఉన్నచోట వేళ కూడా పనిచేస్తుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి నేల మీదికి వీస్తుంది. అప్పుడు విమానాలు సముద్రం వైపు లేస్తాయి, నేల వైపు నుంచి దిగుతాయి. రాత్రి, తెల్లవారుజామున నేల గాలి ఉంటే ఇది తిరగబడొచ్చు. ఆ ప్రాంతంలో రుతుపవనాల వంటి బలమైన గాలులు ఉన్న కాలంలో మాత్రం వాటిదే పైచేయి.

ప్రయాణం రోజు ఉదయం ఆ విమానాశ్రయపు మెటార్ (వాతావరణ) నివేదిక చూడండి. అందులో గాలి గురించిన అంకెల్లో మొదటి మూడు దిక్కు, తర్వాతి రెండు వేగం. 24012 అని ఉంటే 240 డిగ్రీల దిక్కు నుంచి 12 నాట్ల గాలి అని. ఆ దిక్కుకు దగ్గరి నంబరున్న రన్‌వేనే వాడుతూ ఉండాలి. అంతకంటే తేలిక మార్గం, ఫ్లైట్‌రాడార్24లో ఆ గంటలో అక్కడ దిగుతున్న విమానాలు ఎటు నుంచి వస్తున్నాయో చూడటం.

లేచేటప్పుడు ఇంకో సూత్రం. మలుపు తిరిగేటప్పుడు విమానం లోపలి వైపుకు ఒరుగుతుంది, మామూలుగా 25 డిగ్రీల వరకు. ఎడమకు తిరిగితే ఎడమ కిటికీ నిండా నేల, కుడి కిటికీ నిండా ఆకాశం. సముద్రం వైపు లేచిన విమానం వెనక్కి నేల మీదికి ఎటు తిరుగుతుందో పాత ప్రయాణాల్లో చూసి, ఆ వైపే కూర్చోండి. ఆ ఒక్క మలుపులో తీరం మొత్తం పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది.

4. వరస: రెక్కకు ముందా, వెనకా?

ముందు దొరికితే ముందే. రెండు కారణాలున్నాయి. రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ముందు వరసల వాళ్లకు పక్కన, కింద అంతా ఖాళీ. వెనక వరసల్లో ముందు వైపు చూపుకు రెక్క కొస అడ్డొస్తుంది. పైగా ఇంజిన్ నుంచి వచ్చే వేడి గాలి వెనక వరసల కిటికీల పక్కగా పోతూ దృశ్యాన్ని ఎండమావిలా వణికిస్తుంది. కంటికి ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ ఫోటోలు మెత్తగా, అలుక్కుపోయినట్టు వస్తాయి. మరీ వెనక, తోక దగ్గరి వరసల్లో ఆ బాధ తక్కువే. అక్కడ రెక్క కొస చిన్నదిగా ఫ్రేములోకి వచ్చి అందంగానూ ఉంటుంది.

సుమారు 30 వరసలున్న ఎ320లో 9 లేదా 10 నుంచి 20 దాకా రెక్క కిందిని కప్పేస్తుంది. 2 నుంచి 7 వరకు మంచివి, 8 దగ్గర ఇంజిన్ ముందుభాగం కనిపించడం మొదలవుతుంది. వెనకైతే 23 దాటాక చూడండి. బోయింగ్ 737లోనూ దాదాపు ఇదే పద్ధతి. ఎ321 పొడవు ఎక్కువ, వరస అంకెలు మారతాయి. ఒక్కో సంస్థ సీట్లు ఒక్కోలా అమరుస్తుంది కాబట్టి వీటిని అంచనాగానే తీసుకోండి. 777, ఎ330 లాంటి వాటిలో ముందుభాగం ఎక్కువగా ఖరీదైన తరగతులదే. ఎకానమీలో మొదటి వరసలు రెక్క మీదే పడతాయి, కాబట్టి అక్కడ చివరి మూడో వంతు వెతకాలి. ఎ380 పై అంతస్తులో కిటికీకి, సీటుకు మధ్య సామాను పెట్టె ఉంటుంది. దాని మీదుగా వాలితే తప్ప కింద కనిపించదు.

తీరం చూడటానికి పుట్టినట్టుండేవి రెక్క పైన ఉన్న చిన్న ప్రొపెల్లర్ విమానాలు. ఏటీఆర్ 72, డ్యాష్ 8 జెట్‌ల కంటే తక్కువ ఎత్తులో, నెమ్మదిగా వెళ్తాయి, రెక్క తల మీద ఉంటుంది. వీటిలో వెనక సగం మంచిది. ముందు వైపు ప్రొపెల్లర్, ఇంజిన్ డబ్బా చూపుకు అడ్డం. డ్యాష్ 8 క్యూ400లో చక్రాలు ఇంజిన్ కిందినుంచే దిగుతాయి కాబట్టి దిగేటప్పుడు మధ్య వరసల్లో అవి కూడా అడ్డొస్తాయి. ఏటీఆర్‌లో చక్రాలు పొట్ట దగ్గర ఉంటాయి, ఆ గొడవ లేదు. నార్వే తీరంలోని చిన్న విమానాశ్రయాల మధ్య డ్యాష్ 8లో తిరగడం ఇలాంటి ప్రయాణాల్లో మకుటం లాంటిది. మాల్దీవుల్లో దీవుల మధ్య తిరిగే ట్విన్ ఆటర్ సీప్లేన్లలో సీటు నంబర్లే ఉండవు. వరసలో ముందు నిలబడ్డవాళ్లకు ఎంపిక ఉంటుంది.

5. కిటికీ లేని కిటికీ సీటు

టికెట్ మీద ఎ అని ఉన్నంత మాత్రాన పక్కన గాజు ఉంటుందనుకోకండి. 737లో ఎడమవైపు, రెక్కకు కాస్త ముందు, గోడలోంచి ఎయిర్ కండిషనింగ్ గొట్టం పైకి వెళ్తుంది. అక్కడ కిటికీ ఉండదు. వరస అంకె సంస్థను బట్టి మారుతుంది, ఎక్కువగా 9 నుంచి 12 మధ్య వస్తుంది. తీరం కోసమని అదే ఎడమ ముందు భాగాన్ని ఎంచుకునేవాళ్లే దీనికి బలవుతారు. తలుపుల పక్కన, కొన్ని విమానాల్లో ఆఖరి వరసలోనూ ఇలాంటివే ఉంటాయి.

కిటికీ ఉన్నా భుజం వెనక పడొచ్చు. కిటికీల ఎడం విమానం చట్రాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది: 737లో 20 అంగుళాలు, ఎ320లో 21. సీట్ల ఎడం మాత్రం 28 నుంచి 32 అంగుళాల మధ్య సంస్థ ఇష్టం. 20 అంగుళాల కిటికీలకు 30 అంగుళాల సీట్లు పెడితే మూడు కిటికీలకు రెండు వరసలు. ఒక వరసకు కిటికీ సరిగ్గా కుదిరితే, తర్వాతి వరసకు సగం గోడే. ఏరోలోపా సీటు మ్యాపుల్లో కిటికీలు కొలత ప్రకారం గీసి ఉంటాయి. వాటిలో కిటికీ మీ భుజానికి కాస్త ముందుగా ఉన్న వరస తీసుకోండి. ముందుకు, కిందికి తేలిగ్గా చూడొచ్చు. పైగా రెండు వరసల మధ్య పడే కిటికీ తెర ఎవరి చేతిలో ఉంటుందన్న తగువు ఉండదు.

బోయింగ్ 787 కిటికీలు పెద్దవి, ఎత్తుగా ఉంటాయి, చూపుకు గొప్పగా ఉంటాయి. కానీ వాటికి తెరలు లేవు, మీటతో గాజు నల్లబడుతుంది. దూర ప్రయాణాల్లో నిద్రవేళ సిబ్బంది అన్నిటినీ ఒకేసారి నల్లబరిచి బిగించేయొచ్చు.

6. ఎండ, మబ్బు

సూర్యుడు మీ వెనక, అంటే అవతలి కిటికీల వైపు ఉంటే సముద్రపు రంగులు బయటపడతాయి: లోతు తక్కువ చోట లేత ఆకుపచ్చ, పగడపు దిబ్బ అంచున ముదురు నీలం, నది మొగ దగ్గర ఒండ్రు గోధుమ రంగు. ఉత్తరానికి ప్రయాణమైతే ఉదయం ఎండ కుడివైపు, సాయంత్రం ఎడమవైపు. ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, దక్షిణార్ధగోళంలో ఉత్తరాన. రంగుల కోసమైతే 10 నుంచి 2 గంటల మధ్య ప్రయాణం మంచిది. కొండల నీడలు, తీరం ఎత్తుపల్లాలు కావాలంటే ఉదయం లేదా సాయంత్రపు ఏటవాలు ఎండ మేలు.

ఎండ తగలని వైపు కూర్చున్నవాళ్లకు ఒక బహుమతి ఉంది. కింద మబ్బులుంటే వాటి మీద విమానం నీడ, ఆ నీడ చుట్టూ రంగుల వలయం కనిపిస్తాయి.

మబ్బుల సంగతి తీరాన్ని బట్టి రెండు రకాలు. ఉష్ణమండలంలో ఉదయం ఆకాశం తేటగా ఉండి, మధ్యాహ్నానికి నేల మీద దూదిపింజల్లా మబ్బులు లేస్తాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లే విమానం తీసుకోండి. కాలిఫోర్నియా, పెరూ, నమీబియా లాంటి చల్లని ప్రవాహాల తీరాల్లో ఉదయం మందపాటి మబ్బు పొర తీరాన్ని దుప్పటిలా కప్పేస్తుంది, మధ్యాహ్నానికి గాని విడదు. ఒకచోట పనిచేసిన సూత్రం ఇంకోచోట తలకిందులవుతుంది. వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంటుంది, తేదీ మార్చుకునే వీలుంటే దాన్ని వదులుకోకండి.

రాత్రి ప్రయాణమని నిరాశపడకండి. వెలుగులు ఠక్కున ఆగిపోయి నలుపు మొదలయ్యే చోటే తీరం. జనావాసాలున్న తీరంలో ఆ గీత పగటి కంటే స్పష్టంగా ఉంటుంది.

7. సీటు బుక్ అయ్యాక

సీటుకు అదనంగా చెల్లించకపోతే, ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన నిమిషంలోనే వెళ్లండి. చాలా సంస్థలు 24 లేదా 48 గంటల ముందు తెరుస్తాయి. ఆ తర్వాత ప్రయాణం ముందు రోజు, ఆ రోజు ఉదయం విమానం రకం మరోసారి చూసుకోండి. ఎ320 బదులు ఎ321 వస్తే, మీ 24వ వరస వెనక ఖాళీ నుంచి రెక్క మీదికి జరిగి ఉండొచ్చు.

వైపు తప్పిందని తెలిస్తే, సీటు బెల్టు గుర్తు ఆరాక సిబ్బందిని అడిగి ఖాళీ కిటికీకి మారొచ్చు. చిన్న ప్రొపెల్లర్ విమానాల్లో బరువు సమతూకం చూస్తారు కాబట్టి అడగకుండా మారకూడదు.

లోపలి పొర మీది వేలిముద్రలను మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. గాజులా కనిపించేది నిజానికి యాక్రిలిక్, గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడతాయి. మధ్య పొరకు కింద ఉన్న చిన్న రంధ్రం గాలి పీడనం సర్దడానికి. దాని చుట్టూ పేరుకునే మంచు స్ఫటికాలను మీరేమీ చేయలేరు, చాలావరకు కిందికి దిగేటప్పుడు కరిగిపోతాయి. పోలరైజ్డ్ కళ్లద్దాలు తీసేయండి. వాటిలోంచి చూస్తే యాక్రిలిక్ మీద ఇంద్రధనుస్సు మరకలు తేలి తీరం రంగుల్ని పాడుచేస్తాయి. కెమెరాకు పోలరైజింగ్ ఫిల్టరు ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

ఫోటోకు లెన్సును కిటికీకి ఒక వేలి మందం దూరంలో పట్టుకోండి. ఆనిస్తే విమానం వణుకు ఫోటోలోకి వస్తుంది, దూరంగా పెడితే క్యాబిన్ ప్రతిబింబాలు పడతాయి. ముదురు రంగు చొక్కా వేసుకుంటే ఆ ప్రతిబింబాలు తగ్గుతాయి. ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌లో తీరం మీద వేలు నొక్కి ఫోకస్ బిగించండి, లేకపోతే అది కిటికీ గీతల మీద నిలబడిపోతుంది. అల్ట్రావైడ్ వద్దు, కిటికీ చట్రం మూలల్లోకి వచ్చేస్తుంది. పెద్ద కెమెరా అయితే షట్టరు సెకనులో 500వ వంతు కంటే వేగంగా, అపర్చరు ఎఫ్ 5.6 దగ్గర ఉంచండి. ఎఫ్ 16 పెడితే కిటికీ మీది ప్రతి గీతా ఫోటోలో లెక్కపెట్టుకోవచ్చు. కొన్ని దేశాల్లో సైన్యం కూడా వాడే విమానాశ్రయాల్లో ఫోటోలు నిషేధం, తెర దించమంటారు కూడా. సిబ్బంది చెప్పిన వెంటనే కెమెరా పక్కన పెట్టి, ఆ విమానాశ్రయం దాటాక మళ్లీ తీసుకోండి.